గుర్తింపు ఎవరికి? ఇంజనీరింగ్ కాలేజీల అక్రెడిటేషన్ చరిత్ర



ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజులొస్తే బస్టాండు నుంచి కలెక్టరాఫీసు దాకా ఇంజనీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలే. ప్రతి ఫ్లెక్సీ మీదా మూడు నాలుగు ముద్రలుంటాయి. ఏఐసీటీఈ అప్రూవ్డ్, జేఎన్టీయూ అఫిలియేటెడ్, న్యాక్ ఏ గ్రేడ్, ఎన్‌బీఏ అక్రెడిటెడ్. ఇంట్లో మొదటిసారి ఇంజనీరింగ్ గడప దాకా వచ్చిన పిల్లలు ఏటా నన్ను అడుగుతారు: "సార్, ఈ నాలుగూ ఒకటేనా? ఏది ఉంటే చేరాలి?"

నేను చదువుకున్నది తెలుగు సాహిత్యం. కాంక్రీటు గురించీ కరెంటు గురించీ నాకు తెలిసింది తక్కువ. కానీ ఒక కాగితంలో ఏ మాట ఎందుకుంది, ఏ మాట ఎందుకు లేదు అని చూడటం నేను నేర్చుకున్న పని. చదువుల చరిత్ర మీద రాస్తున్న ఈ వరుసలో ఈసారి అక్రెడిటేషన్ అనే కాగితాన్ని చదువుదాం. కొంచెం పొడుగ్గా ఉంటుంది. ఓపిగ్గా చదవండి, మీ కాలేజీ గ్రూపుల్లో పెట్టండి.

*ఒకే మాట, నాలుగు పనులు*

మన పత్రికలు ఈ నాలుగింటినీ 'గుర్తింపు' అనే రాస్తాయి. "కాలేజీ గుర్తింపు రద్దు" అని వార్త వస్తుంది. ఏ గుర్తింపో చెప్పరు. అందుకే ముందు విడదీసి చూద్దాం.

అప్రూవల్ అంటే కాలేజీ పెట్టుకోవడానికి, ఫలానా బ్రాంచిలో ఇన్ని సీట్లు నడుపుకోవడానికి ఏఐసీటీఈ ఇచ్చే అనుమతి. అఫిలియేషన్ అంటే యూనివర్సిటీ ఆ కాలేజీని తన గొడుగు కిందికి తీసుకుని పరీక్షలు పెట్టి డిగ్రీ ఇవ్వడం. న్యాక్ మొత్తం సంస్థను చూసి గ్రేడు ఇస్తుంది. ఎన్‌బీఏ అలా కాదు. అది కాలేజీకి ఇవ్వదు, కోర్సుకి ఇస్తుంది. ఒకే కాలేజీలో ఈసీఈకి ఉండి సివిల్‌కి లేకపోవచ్చు. అదీ మూడేళ్ళకో ఆరేళ్ళకో ఇస్తుంది, గడువు తీరితే మళ్ళీ తనిఖీ. గేటు మీద పెద్ద అక్షరాలతో 'ఎన్‌బీఏ అక్రెడిటెడ్' అని రాసి, మీరు చేరే బ్రాంచికి అది లేకపోతే ఆ బోర్డు మీకు పనికిరాదు. ఇది మొదటి పాఠం.

ఇప్పుడు చరిత్రలోకి వెళదాం.

*ముద్ర అవసరం లేని కాలం*

మద్రాసులో 1794లో సర్వే స్కూలు పెట్టారు. అదే పెరిగి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. ఉత్తరాన 1847లో రూర్కీ కాలేజీ వచ్చింది. కాలువలు తవ్వడానికి, రోడ్లు వేయడానికి, పన్ను కోసం భూమి కొలవడానికి కంపెనీ సర్కారుకి మనుషులు కావాలి. చదువు చెప్పేదీ సర్కారే, ఉద్యోగం ఇచ్చేదీ సర్కారే. చదివినవాడు పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంటులో చేరితే అదే వాడికి ముద్ర. బయటివాడొచ్చి నాణ్యత తేల్చాల్సిన పని లేదు.

ఈ బళ్ళకు ముందు మన ఊళ్ళలో నీళ్ళ లెక్క తెలిసినవాళ్ళు లేరా? చెరువు తూము ఎప్పుడు తెరవాలో, ఏ పొలానికి ఎంతసేపు వదలాలో చూసింది నీరటి. చాలా ఊళ్ళలో ఆయన మాలవాడ మనిషో మాదిగవాడ మనిషో. మోటకు తోలు బొక్కెన కుట్టింది మాదిగ. ఆ తోలు ఎంత ఊరాలో, కుట్టు ఎక్కడ పడితే నీళ్ళు కారవో చేతికి తెలిసిన విద్య. ఇంజనీరింగ్ అనేది బడిలోకి, ఇంగ్లీషులోకి, సర్టిఫికెట్లోకి మారినప్పుడు ఆ చేతులు బయటే ఉండిపోయాయి. బడిలో కూర్చున్నవాళ్ళు అంతకు ముందు నుంచీ అక్షరం చేతిలో ఉన్న కులాలవాళ్ళు. తర్వాతి కథకంతా ఇదే పునాది.

*రెండు ఫైళ్ళు*

1942లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్ అయ్యారు. ఆ ఏడాది అక్టోబరులోనే షెడ్యూల్డ్ కులాల సమస్యల మీద ప్రభుత్వానికి ఒక వినతిపత్రం ఇచ్చారు. అందులో చదువు గురించి ఆయన అడిగింది గమనించండి. సైన్స్, టెక్నాలజీ చదువులకు స్కాలర్‌షిప్పులు కావాలన్నారు. మన పిల్లల్ని ఆ చదువులకు విదేశాలకూ పంపాలన్నారు. ఖర్చు ఎక్కువయ్యే చదువు అది, పేద ఇంటివాడు సొంతంగా చదవలేడు, ప్రభుత్వమే భరించాలి అని ఆయన వాదన. 1944లో ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఇవాళ మనం ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటున్న దాని వేరు అక్కడుంది.

సరిగ్గా ఆ మరుసటి ఏడాది, 1945 నవంబరులో, సాంకేతిక విద్య ఎలా పెరగాలో సలహా చెప్పడానికి ఏఐసీటీఈ ఏర్పడింది. అప్పటికి దానికి చట్టబద్ధమైన అధికారాలు లేవు.

ఒకే దశాబ్దం, ఒకే ప్రభుత్వం, రెండు ఫైళ్ళు. ఎవరు లోపలికి రావాలి అన్నది ఒక ఫైలు, లోపల చదువు ఎలా ఉండాలి అన్నది ఇంకో ఫైలు. మొదటిదాన్ని 'సంక్షేమం' అన్నారు, రెండోదాన్ని 'నాణ్యత' అన్నారు. సాంఘిక సంక్షేమ శాఖ ఒకచోట, సాంకేతిక విద్యా శాఖ ఇంకోచోట. ఎనభై ఏళ్ళయినా ఈ రెండు ఫైళ్ళూ ఒక బల్ల మీదికి రాలేదు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట చెప్పడానికే.

*అమెరికా నుంచి వచ్చిన పద్ధతి*

అక్రెడిటేషన్ ఇప్పుడున్న రూపంలో అమెరికాలో పుట్టింది. అక్కడ ఇంజనీర్ల సంఘాలన్నీ కలిసి 1932లో ఒక మండలి పెట్టుకున్నాయి. 1936 నుంచి కాలేజీల కోర్సుల్ని పరిశీలించి ఇది సరైన ఇంజనీరింగ్ చదువు అని జాబితా ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆ మండలే 1980లో పేరు మార్చుకుని అబెట్ అయింది. వృత్తిలో ఉన్నవాళ్ళే వృత్తిలోకి వచ్చేవాళ్ళ చదువు చూసుకోవడం అన్నమాట. అందులో మంచి ఉంది. వంతెన కూలితే చచ్చేది జనం కాబట్టి వంతెన కట్టేవాడి చదువు ఎవరో ఒకరు చూడాలి. కానీ అదే కాలంలో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ళ కాలేజీల్లో నల్లవాళ్ళకు సీటే లేదు. చదువు బాగుందా అని అడిగారు గానీ, చదువులో ఎవరున్నారని అడగలేదు.

1989లో అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి వాషింగ్టన్ అకార్డ్ అనే ఒప్పందం చేసుకున్నాయి. నీ దేశంలో అక్రెడిటేషన్ ఉన్న ఇంజనీరింగ్ చదువు నా దేశంలో సమానమే అని ఒకరినొకరు ఒప్పుకోవడం దాని సారం.

*మన దగ్గర కాలేజీల వాన*

1986 జాతీయ విద్యావిధానం తర్వాత నాణ్యత చూసే సంస్థలు కావాలన్న మాట బలపడింది. 1987లో ఏఐసీటీఈకి చట్టం వచ్చింది. ఆ చట్టం పదో సెక్షన్ కింద 1994లో ఎన్‌బీఏ పుట్టింది. అదే ఏడాది యూజీసీ బెంగళూరులో న్యాక్ పెట్టింది.

అప్పుడే ఎందుకు? అప్పటికి ప్రైవేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. క్యాపిటేషన్ ఫీజు మీద మన రాష్ట్రంలో 1983లోనే చట్టం చేయాల్సి వచ్చింది. 1993లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఎవరు? ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అన్న మాటలు మన ఇళ్ళలోకి వచ్చింది ఆ తీర్పుతోనే. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు దాన్ని పక్కన పెట్టింది. 2005లో ఇనాందార్ తీర్పు, ప్రభుత్వ సాయం తీసుకోని కాలేజీల మీద రిజర్వేషన్ రుద్దకూడదంది. దానికి జవాబుగా పార్లమెంటు 93వ రాజ్యాంగ సవరణ చేసి 15(5) తెచ్చింది. ప్రైవేటు కాలేజీలో మన సీటుకు రాజ్యాంగంలో చోటు అలా దొరికింది.

తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు దాదాపు 700 దాకా పోయాయి. పొలాల మధ్య బిల్డింగు, బిల్డింగులో బోర్డు, బోర్డు మీద జేఎన్టీయూ. కొన్నింటిలో ల్యాబుండదు, ఒకే లెక్చరర్ పేరు రెండు కాలేజీల రిజిస్టర్లలో ఉంటుంది. 2014లో జేఎన్టీయూ హైదరాబాద్ వందకు పైగా కాలేజీలకు అఫిలియేషన్ ఆపితే అవి హైకోర్టుకెక్కాయి. ఆ కాలేజీల్లో చదివిందెవరు? రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడిన ఎస్సీ, ఎస్టీ, బీసీ, ముస్లిం పేద పిల్లలే ఎక్కువ. మన పేరు మీద సర్కారు డబ్బు యాజమాన్యానికి పోయింది. మన చేతికి డిగ్రీ వచ్చింది, చదువు రాలేదు.

అందుకని అక్రెడిటేషన్ అంతా బ్రాహ్మణీయ నాటకం, మనకేం పని అనే మిత్రులతో నేను ఏకీభవించను. అగ్రకులాల పిల్లవాడు పాడుబడ్డ కాలేజీలో చేరడు. చేరినా కోచింగు కొనుక్కుంటాడు, మామయ్య కంపెనీలో ఉంటాడు. నాణ్యత లేని కాలేజీ దెబ్బ తగిలేది మనకే. నాణ్యత ముందు మన సమస్య.

ఇక్కడ ఇంకో మలుపు ఉంది. అనుమతి ఇచ్చేదీ ఏఐసీటీఈ, నాణ్యత తేల్చేదీ ఏఐసీటీఈ కిందున్న బోర్డే అయితే ఎలా అన్న ప్రశ్న వచ్చింది. 2010 జనవరిలో ఎన్‌బీఏను స్వతంత్ర సంస్థ చేశారు. వాషింగ్టన్ అకార్డ్‌లో భారతదేశం 2007 నుంచి తాత్కాలిక సభ్యురాలు. 2014 జూన్ 13న పూర్తి సభ్యత్వం వచ్చింది. పత్రికలు "మన ఇంజనీరింగ్ డిగ్రీకి అమెరికాలో గుర్తింపు" అని రాశాయి. అసలు సంగతి ఏమిటంటే, ఆ గుర్తింపు టయర్ వన్ కింద అక్రెడిటేషన్ పొందిన కోర్సులకే. అంటే యూనివర్సిటీలు, అటానమస్ సంస్థల కోర్సులు. అఫిలియేటెడ్ కాలేజీలు టయర్ టూ. వాటికి ఎన్‌బీఏ ఉన్నా వాషింగ్టన్ అకార్డ్ వర్తించదు. మన పిల్లలు ఎక్కువమంది చదివేది ఆ రెండో వరసలోనే. ఫ్లెక్సీలు ఈ తేడా చెప్పవు.

*వెయ్యి మార్కుల కాగితం*

ఇప్పుడు ఆ కాగితం తెరుద్దాం. ఎన్‌బీఏకి వెళ్ళే కోర్సు తన గురించి తానే ఒక నివేదిక రాసుకోవాలి. సెల్ఫ్ అసెస్‌మెంట్ రిపోర్ట్ అంటారు, కాలేజీల్లో 'సార్' అని పిలుస్తారు. ఫార్మాట్లు మారుతుంటాయి. నేను చెప్తున్నది 2015లో వచ్చి ఏళ్ళ తరబడి నడిచిన టయర్ టూ ఫార్మాట్. మొత్తం పది అంశాలు, వెయ్యి మార్కులు. విజన్, మిషన్‌కు 60. పాఠ్యక్రమం, బోధనకు 120. విద్యార్థి చివరికి ఏం నేర్చుకోవాలన్న ఫలితాలకు 120. విద్యార్థుల పనితీరుకు 150. అధ్యాపకులకు 200. 750 దాటి మిగతా షరతులు కూడా నెగ్గితే ఆరేళ్ళు, 600 దాటితే మూడేళ్ళు. ఇది మోటు లెక్క.

విద్యార్థుల పనితీరు దగ్గర ఆగండి. అందులో ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేకుండా పాసైనవాళ్ళ నిష్పత్తికి 25 మార్కులు. బ్యాక్‌లాగ్ ఉన్నా నాలుగేళ్ళ గడువులో పూర్తి చేసినవాళ్ళ నిష్పత్తికి 15. లెక్క సులువు. బ్యాచిలో 60 మంది చేరి 24 మంది ఏ సబ్జెక్టూ తప్పకుండా పాసైతే నిష్పత్తి 0.4. మూడు బ్యాచుల సగటు అంతే ఉంటే 25లో పది మార్కులు.

ఇప్పుడు తెలుగు మీడియం నుంచి, సంక్షేమ హాస్టల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయిని ఊహించండి. మొదటి సంవత్సరం ఇంగ్లీషులో ఎం-1 అర్థం కాలేదు, రెండు సబ్జెక్టులు పోయాయి. కిందా మీదా పడి ఐదో ఏడు డిగ్రీ పూర్తి చేసింది. ఆమె వంశంలో మొదటి ఇంజనీరు. వాడ మొత్తానికి పండగ. ఈ కాగితంలో ఆమె విలువ ఎంత? బ్యాక్‌లాగ్ లేని జాబితాలో లేదు, గడువులో పూర్తి చేసిన జాబితాలోనూ లేదు. రెండు చోట్లా సున్నా. కాలేజీకి ఆమె బరువు.

అదే కాగితంలో బోధన విభాగంలో ఒక చిన్న గడి ఉంది. వీక్ విద్యార్థులకు సాయం చేయడం, బ్రైట్ విద్యార్థుల్ని ప్రోత్సహించడం, రెండూ కలిపి నాలుగు మార్కులు. ఆమె పడిపోతే పోయే మార్కులు ఎక్కువ, ఆమెను లేపడానికి వచ్చే మార్కులు నాలుగు, అవీ పక్కవాడితో పంచుకోవాలి. యాజమాన్యం దేనికి మొగ్గుతుందో చెప్పక్కర్లేదు.

భాష చదువుకున్నవాడిగా ఆ 'వీక్' అన్న మాట దగ్గర నాకు నిద్ర పట్టలేదు. ఎవరు వీక్? ఇంటర్ దాకా తెలుగులో లెక్కలు బాగా చేసిన పిల్ల, భాష మారగానే వీక్ ఎలా అయింది? పుస్తకం కొనలేనివాడు వీకా, పుస్తకం లేని లైబ్రరీ వీకా? ఆ గడి మనిషికి పేరు పెడుతుంది గానీ కారణం అడగదు.

నేను ఒకప్పుడు తెలుగు చెప్పిన కాలేజీ పక్కనే అదే యాజమాన్యం ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. తనిఖీ వస్తుందంటే ఫైళ్ళు సర్దడానికి డిగ్రీ కాలేజీ లెక్చరర్లనీ కూర్చోబెట్టేవాళ్ళు. అట్లా నా చేతికి రెమెడియల్ క్లాసుల రిజిస్టర్ వచ్చింది. పేర్లు చూస్తే సగానికి పైగా హాస్టల్ పిల్లలు. పన్నెండు క్లాసులకు సంతకాలున్నాయి, అన్నీ ఒకే పెన్నుతో. అందులో పేరున్న ఒక తమ్ముణ్ణి క్యాంటీన్ దగ్గర అడిగాను. "ఒకే రోజు పెట్టించుకున్నారు సార్" అన్నాడు. కాసేపాగి, "నిజంగా చెప్పుంటే బాగుండేది సార్, ఆ సబ్జెక్టు నాకు ఇంకా పోలేదు" అన్నాడు. ఆ కోర్సుకు అక్రెడిటేషన్ వచ్చింది. నాలుగు మార్కుల గడి నిండే ఉంటుంది.

*అడగని ప్రశ్నలు*

అధ్యాపకులకు 200 మార్కులన్నాను. ఎంతమందికి పీహెచ్‌డీ ఉంది, ప్రొఫెసర్లు, అసోసియేట్లు, అసిస్టెంట్లు 1:2:6 లెక్కలో ఉన్నారా, ఎన్నేళ్ళు నిలబడుతున్నారు, అన్నీ అడుగుతుంది. ఆ స్టాఫ్ రూములో ఒక్క దళిత ప్రొఫెసరైనా ఉన్నాడా అని అడగదు. ప్రైవేటు కాలేజీ నియామకాల్లో మనకు రిజర్వేషన్ లేదు. 15(5) సీటు దగ్గరే ఆగింది.

విద్యార్థికి రావలసిన ఫలితాలు పన్నెండు రాశారు. వాటిలో సమాజం ఉంది, పర్యావరణం ఉంది, నైతికత ఉంది, వైవిధ్యమున్న బృందాల్లో పని చేయడం ఉంది. కులం అన్న మాట లేదు. మురుగు కాలువలో మనిషి దిగి చచ్చిపోతున్న దేశంలో, రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరమైన దేశంలో, సివిల్ ఇంజనీరు నేర్చుకోవలసిన నైతికతలో ఆ మ్యాన్‌హోల్ ఉండాలా వద్దా?

పోనీ, లెక్కించడం చేతకాదా? చేతనవుతుంది. న్యాక్ తన ప్రమాణాల్లో రిజర్వుడు సీట్లు ఎంత శాతం నిండాయో అడిగింది. 2016 నుంచి వస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో సామాజికంగా, ఆర్థికంగా వెనకబడ్డ విద్యార్థులకు కొన్ని మార్కులున్నాయి. అయితే అక్కడా లెక్క ప్రవేశం దగ్గర, ఫీజు దగ్గర ఆగిపోతుంది. చేరిన ఎస్సీ పిల్లల్లో ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమంది మధ్యలో పోయారు, ఎంతమందికి కొలువొచ్చింది, ఇది కేటగిరీ వారీగా చూపించు అని అడిగేవాళ్ళు లేరు. ఈ సంస్థల్ని గుడ్డిగా నమ్మమనీ నేను అనను. 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీ తనిఖీలో లంచం ఆరోపణల మీద సీబీఐ న్యాక్ బృంద సభ్యుల్నే అరెస్టు చేసింది.

2012లో యూజీసీ వివక్ష నివారణకు సమానత్వ నిబంధనలు తెచ్చింది. అవి అమలై ఉంటే ఏమయ్యేదో గానీ, 2016 జనవరి 17న మన హైదరాబాద్‌లో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. 2019లో రోహిత్ తల్లి రాధిక వేముల, డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి అబేదా తడ్వీ ఆ నిబంధనల అమలు కోసమే సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఎస్సీ, ఎస్టీ కమిటీ వేయాలని ఏఐసీటీఈ కూడా కాలేజీలకు చెప్పింది. వెబ్‌సైటులో ఆ కమిటీ సభ్యుల పేర్లుంటాయి. ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఏం చేశారు అన్నది నాణ్యత మార్కుల్లో ఒక గడి అయితే ఆ పేర్లకు పని పడుతుంది. ఇప్పుడు ఫిర్యాదుల వ్యవస్థ ఉందా అన్న సాధారణ ప్రశ్నతో సరిపోతోంది.

*మనం చేయగలిగినవి*

విద్యార్థి మిత్రులారా, ఒకటి. కాలేజీలో చేరేముందు ఎన్‌బీఏ వెబ్‌సైటులో మీ బ్రాంచి పేరు, గడువు తేదీ, టయర్ చూసుకోండి. ఫ్లెక్సీని కాదు, ఆ జాబితాను నమ్మండి.

రెండు. తనిఖీ బృందం వచ్చినప్పుడు విద్యార్థులతో, పాత విద్యార్థులతో, తల్లిదండ్రులతో మాట్లాడాలి. అది వాళ్ళ పనిలో భాగం. సాధారణంగా యాజమాన్యం ఏరిన పిల్లల్నే కూర్చోబెడతారు. ఆ గదిలోకి మన పిల్లలు కూడా వెళ్ళేట్టు సంఘాలు పట్టుబట్టాలి. జరగని క్లాసుకు సంతకం పెట్టొద్దు. పెట్టమని ఒత్తిడి చేస్తే నలుగురూ కలిసి చెప్పండి, ఒంటరిగా చెప్పొద్దు.

మూడు. సంఘాల్లో పనిచేసే మిత్రులు ప్రభుత్వ యూనివర్సిటీలకు, సంక్షేమ శాఖలకు సమాచార హక్కు దరఖాస్తులు వేయండి. రీయింబర్స్‌మెంట్ పొందిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారో కాలేజీ వారీగా అడగండి. డబ్బిచ్చిన శాఖకు ఆ డబ్బుతో చదువు పూర్తయిందో లేదో తెలియాలి కదా.

నాలుగు, అన్నిటికన్నా ముఖ్యం. ప్రమాణాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 25 అని, 15 అని, 4 అని కమిటీలో కూర్చున్న మనుషులు రాశారు. మార్చేదీ మనుషులే. విద్యార్థి చేరినప్పటి స్థాయి నుంచి ఎంత దూరం నడిచాడో కొలిచే గడి కావాలి. కేటగిరీ వారీగా పూర్తి చేసినవాళ్ళ లెక్క కావాలి. ఫార్మాట్ మార్చే ప్రతిసారీ అభిప్రాయాలు పంపడం మన సంఘాల పని జాబితాలో చేరాలి. రిజర్వేషన్ వల్ల నాణ్యత పడిపోతుందని టీవీల్లో అరిచేవాళ్ళకు కూడా అప్పుడు లెక్కలతో జవాబు చెప్పొచ్చు. ఇప్పుడు ఆ లెక్కలు వాళ్ళ దగ్గరా లేవు, మన దగ్గరా లేవు. లేని లెక్కల మీదే మనల్ని వీక్ అంటున్నారు.

1942లో బాబాసాహెబ్ అడిగింది సీటొక్కటే కాదు, ఈ దేశాన్ని కట్టే విద్యలో వాటా. సంక్షేమం ఫైలూ నాణ్యత ఫైలూ ఒక దారంతో కట్టే దాకా ఆ వాటా మనకు పూర్తిగా అందదు.

వచ్చే భాగంలో పాలిటెక్నిక్ చదువుల గురించి, డిప్లొమాతో పనిలో చేరి ఏఎంఐఈ పరీక్షలు రాసి ఇంజనీర్లైన తరం గురించి రాస్తాను. మీ ఇంట్లో, మీ వాడలో అలాంటివాళ్ళుంటే వాళ్ళ కథ నాకు పంపండి.

జై భీమ్.